వెలుతురు ఎటు నుంచో తేల్చుకున్నాకే బండలు కొనండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు "ఏ టైల్స్ బాగుంటాయి, ఏ రంగు వేయమంటారు" అన్నవే. ఫోటోలు కూడా జత చేశారు, అన్నీ షోరూమ్ లైట్ల కింద తీసినవి. ఆ ఫోటో చూసి అది మీ ఇంట్లో ఎలా ఉంటుందో చెప్పడం నావల్ల కాదండీ. కిటికీ ఎటు ఉంది, ఆ గోడ మీద ఎండ ఏ వేళప్పుడు పడుతుంది, ఆ నేల మీద ఎవరు నడుస్తారు, ఇవి తెలియకుండా రాయి గురించీ రంగు గురించీ మాట్లాడితే అది ఊరికే కబుర్లు చెప్పుకోవడమే. అందుకని ఆ వివరాలు రాసినవాళ్ళ ప్రశ్నలే ముందు తీసుకున్నాను.

ప్రశ్న: మాది 150 గజాల ప్లాటు, 30×45, ఉత్తరం రోడ్డు. రెండు పక్కలా మూడంతస్తులు లేచాయి, వెనక కూడా ఇల్లే. కింద ఒకటి, పైన ఒకటి కట్టుకుంటున్నాం. ప్లాన్ చూస్తే మధ్య హాల్లో పగలు కూడా లైటు వేసుకోవాలేమో అనిపిస్తోంది. పక్క కిటికీలు పెద్దవి చేయిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఘట్‌కేసర్

జవాబు: సరిపోదు. పక్కింటి గోడ మూడు నాలుగు అడుగుల్లో ఉన్నప్పుడు ఎంత పెద్ద కిటికీ పెట్టినా వాళ్ళ గోడా, వాళ్ళ వంటింటి పొగా కనిపిస్తాయి తప్ప వెలుతురు రాదు. కుర్చీ వేసుకుని కూర్చుంటే కిటికీలోంచి ఆకాశం ఎంత కనిపిస్తుందో చూడండి, మీకొచ్చే వెలుతురు దాదాపు అంతే.

ముందువైపు నుంచి వచ్చేదానికీ ఒక హద్దు ఉంది. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో దానికి రెండు, మహా అయితే రెండున్నర రెట్ల దూరం వరకే పనికొచ్చే వెలుతురు లోపలికి వెళ్తుంది. లింటెల్ (కిటికీ మీది దూలం) 7 అడుగుల దగ్గర ఉంటే 14 నుంచి 17 అడుగులు, అంతే. మీ ఇల్లు అటూ ఇటూ వదిలేది పోను ఎంత లేదన్నా 35 అడుగుల పైన లోతు ఉంటుంది కాబట్టి మధ్యలో చీకటి ఖాయం. జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా కిటికీ నుంచి 7.5 మీటర్లు దాటిన చోటికి వెలుతురు చేరుతుందని లెక్కలోకే తీసుకోదు. ముందువైపు కిటికీల మీద కనీసం వెంటిలేటర్లయినా పెట్టించండి, పాత ఇళ్ళలో శ్లాబు కిందా, దూలాల కిందా అవి ఊరికే పెట్టలేదు. ఎత్తు పెరిగిన కొద్దీ వెలుతురు లోపలికి సాగుతుంది. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ కోసమని మొట్టమొదట వాటినే తీసేస్తున్నారు.

మీ ఇంటికి అసలు వెలుతురు పైనుంచే రావాలి. మెట్లు ఇంటి ముందు మూల నుంచి తీసి మధ్యకి తీసుకురండి. మెట్ల గది పైకప్పుని మేడ మీద మిగతా శ్లాబు కన్నా నాలుగడుగులు లేపి, ఉత్తరం వైపు నిలువు అద్దం పెట్టించండి. పడుకోబెట్టిన అద్దం వద్దు, నిలబెట్టిన అద్దం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడే ఉండదు. అంటే స్కైలైట్ అని కప్పులో పడుకోబెట్టే అద్దం మీద ఎండ నిటారుగా పడేది సరిగ్గా మనకి అక్కర్లేని రోజుల్లోనే. ఉత్తరం అద్దానికి ఆ బాధ తక్కువ. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు కొంచెం ఉత్తరానికి జరుగుతాడు కానీ మధ్యాహ్నం వేళ అడుగున్నర సన్‌షేడ్ ఉంటే ఆ ఎండ ఆగిపోతుంది.

ఇక అసలు సంగతి. పైనుంచి దిగే వెలుతురు మెట్ల పక్క గోడని రాసుకుంటూ కిందికి వస్తుంది. అలా వచ్చే వెలుతురు గోడలో ఏ ఎగుడుదిగుడునీ దాచదు. పుట్టీ కొట్టి నున్నగా రంగు వేసిన గోడయితే మేస్త్రీ చెయ్యి ఎక్కడ ఆగిందో, పట్టీ ఎక్కడ తిప్పాడో మొత్తం కనిపిస్తుంది, ఎంత ఖరీదైన రంగు వేసినా అంతే. అదే గోడకి కావాలనే గరుకు పూత పూయించండి: ఇసుక తేలేలా స్పాంజితో రుద్దిన పూత, లేదంటే ఇటుక కనపడేలా వదిలేసి మీద తెల్లగా సున్నం. అప్పుడు చిన్న చిన్న నీడలు పడతాయి, గోడకి ప్రాణం వస్తుంది, చెయ్యి వేసుకుంటూ మెట్లు దిగాలనిపిస్తుంది. ఇంట్లో మిగతా గోడలు ఎలా ఉన్నా ఫర్వాలేదు, డబ్బు మిగిలితే ఈ ఒక్క గోడ మీద పెట్టండి. రంగు మాత్రం తెలుపో, దానికి దగ్గరో ఉండాలి. ముదురు రంగు వేస్తే పైనుంచి తెచ్చిన వెలుతురంతా ఆ గోడే మింగేస్తుంది.

మీ లేఖ చివర్లో "మండువా పెట్టుకుందామా" అని, అంటే ఇంటి మధ్యలో ఆకాశం కనపడేలా ఖాళీ వదులుదామా అని కూడా అడిగారు. కోనసీమ మండువా లోగిళ్ళ మీద నాకూ ఇష్టమే, కానీ ఫోటోల్లో చూసి మురిసిపోయేవాళ్ళు మర్చిపోయేది ఏంటంటే ఆ ఇళ్ళలో మండువా, వసారా వెలుగ్గా ఉండేవి, వెనక గదులు పట్టపగలు కూడా చీకటిగానే ఉండేవి. మీ స్థలంలో ఐదడుగుల చదరం వదిలితే అది మండువా కాదు, గొయ్యి. రెండంతస్తుల లోతుకి కిందికి చేరేది కొంచెమే. ఎనిమిదడుగులు వదలగలిగితే వదలండి, అందులోకి బాత్‌రూమ్ ఎగ్జాస్టులు, ఏసీ డబ్బాలు పెట్టనివ్వకండి. వాస్తు చూసేవాళ్ళు కూడా బ్రహ్మస్థానం, అంటే ఇంటి నడిమి చోటు, ఖాళీగా ఉండాలంటారు కాబట్టి ఇంట్లో గొడవ ఉండదు.

ప్రశ్న: విజయవాడలో పడమర ముఖం ఇల్లు. ఎలివేషన్ బాగుంటుందని ముందంతా అద్దాలు పెట్టించాం. మధ్యాహ్నం రెండు దాటితే హాల్లో కూర్చోలేం. మందం కర్టెన్లు వేశాం, సన్ ఫిల్మ్ అంటించాం. ఇప్పుడు చీకటిగా ఉంది, వేడి మాత్రం అలాగే ఉంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండని కర్టెన్ ఏం చేస్తుందండీ, అప్పటికే వేడి గదిలో ఉంది. ఎండని అద్దానికి బయటే ఆపాలి. పైన సన్‌షేడ్ ఎంత ముందుకి లాగినా పడమర వైపు లాభం లేదు, సాయంత్రం సూర్యుడు కిందికి దిగి నేరుగా మొహానికి కొడతాడు.

మీకు మూడు దారులు. డబ్బు పెట్టగలిగితే అద్దాలకి రెండున్నర, మూడడుగుల ముందు టెర్రకోట జాలీ గోడ (కన్నాలు వదిలి పేర్చే గోడ) కట్టించండి, మధ్యలో చిన్న వరండా వస్తుంది. జాలీలో కన్నం వెడల్పు కన్నా దాని మందం ఎక్కువ ఉండేలా చూసుకోండి, అప్పుడే వంపుగా వచ్చే ఎండ ఆగుతుంది. పల్చటి సిమెంటు జాలీ అందానికే. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌కి కట్టిన ఇటుక జాలీల ఫోటోలు మీ మేస్త్రీకి చూపించండి, అందులో ప్రత్యేకమైన ఇటుకంటూ ఏమీ లేదు, మామూలు ఇటుకని పేర్చడంలోనే ఉంది పనంతా. దుమ్ము పడుతుంది, నెలకోసారి పైపు పెట్టి కడగాలి, అది ముందే చెప్తున్నా.

అంత వద్దనుకుంటే బయటవైపు వెదురు చిక్‌లు (చుట్టి పైకెత్తే తెరలు), ఎండాకాలం వరకు వట్టివేళ్ళ తడికెలు. మూడోది, ఇనుప మెష్ మీద రాధామనోహరం పాకించడం. మాకు తెలిసిన చాలామంది మూడోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయారు, సరిపోయిందట.

ఇంకో మాట. మే, జూన్ నెలల్లో సూర్యుడు సరిగ్గా పడమర కాదు, వాయవ్యం వైపు జరిగి అస్తమిస్తాడు. కాబట్టి మీ ఉత్తరం గోడలో పడమర చివరనున్న కిటికీకి కూడా సాయంత్రం ఎండ తగులుతుంది. చిక్ దానికీ కట్టండి. చాలామంది దక్షిణం కిటికీలంటే భయపడి మూసేస్తారు గానీ ఎండని అదుపు చేయడం తేలికైంది ఆ వైపే: నాలుగడుగుల కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ వేస్తే మార్చి నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు, డిసెంబరులో మాత్రం కింది సగంలోంచి ఇంత వెచ్చగా వస్తుంది.

ప్రశ్న: మా అత్తగారు తాండూరు బండలే వేయమంటున్నారు, మా ఆయన మెరిసే విట్రిఫైడ్ టైల్స్ అంటున్నారు. బండలు మరకలు పడతాయని, పాతకాలంగా ఉంటాయని ఆయన వాదన. మీరే తీర్పు చెప్పాలి.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ ఇంట్లో గొడవకి నేను తీర్పు చెప్పను కానీ మీ హాలు తూర్పు వైపు పెద్ద తలుపుతో ఉందని రాశారు కదా, దాన్ని బట్టి అత్తగారి వైపే మొగ్గుతాను. మెరిసే నేల మీద పొద్దున్నే ఎండ పడితే ఆ మెరుపు కళ్ళలో కొడుతుంది, తర్వాత అందరూ చేసే పని కర్టెన్ మూసేయడం. వెలుతురు కోసం తలుపు పెట్టుకుని, నేల మెరుస్తోందని దాన్ని మూసుకోవడం! గరుకు బండ అదే ఎండని చెదరగొట్టి పైకప్పుకీ గోడలకీ మెల్లగా పంచుతుంది.

మరకల సంగతి మీ ఆయన చెప్పింది నిజమే. తాండూరు బండ, కడప బండ, బేతంచర్ల నాపరాయి, ఇవన్నీ సున్నపురాళ్ళు. పులుపు పడితే అది రాయిని తినేస్తుంది. నిమ్మకాయ, చింతపండు రసం ఒలికితే వెంటనే తుడవాలి, ఆలస్యం చేస్తే అక్కడ మెరుపు పోయి తెల్లగా మచ్చ ఉండిపోతుంది. పసుపు మరక గురించి కంగారు వద్దు, ఎండ తగిలే చోటయితే కొన్నాళ్ళకి అదే వెలిసిపోతుంది. నూనె మరకకి సుద్దపొడి తడిపి ముద్దగా పెట్టి రాత్రంతా వదిలేయండి, పీల్చుకుంటుంది.

బండలు పాడయ్యేది ఎక్కువగా వాడకం వల్ల కాదు, వేసేటప్పుడే. అతుకుల్లో సిమెంటు పాలు నింపాక, పైన ఆరిన సిమెంటు పోవడానికి పనివాళ్ళు యాసిడ్ కొట్టి కడుగుతారు. అది అలవాటు. సున్నపురాయి మీద యాసిడ్ పోస్తే బుసబుసమని పొంగుతుంది, పైపొర పోయి రాయి నోరు తెరుచుకుంటుంది, తర్వాత ఏది పడినా ఇట్టే లాగేస్తుంది. సైట్‌లో యాసిడ్ సీసా కనపడితే తీసి దాచేయండి. సిమెంటు తడిగా ఉన్నప్పుడే స్పాంజితో తుడిపించండి, మిషన్ పాలిష్ అద్దంలా కాకుండా మ్యాట్ దగ్గరే ఆపమనండి, పూర్తిగా ఆరాక రాయిలోకి ఇంకే సీలర్ కొట్టించండి. పైన పొరలా నిలబడే మెరుపు సీలర్ వద్దు, అది కొన్నాళ్ళకి పెచ్చులు లేస్తుంది.

వంటింటికి మాత్రం గ్రానైట్ గట్టే పెట్టుకోండి. నల్లదే కావాలంటే మన చీమకుర్తి గెలాక్సీ ఉండనే ఉంది, లెదర్ ఫినిష్‌లో అడగండి. వేలితో రాస్తే సన్నటి గరుకు తెలుస్తుంది, ట్యూబ్‌లైటు అందులో గీతలా కనపడదు.

ప్రశ్న: మా నాన్నగారికి గ్లకోమా. పక్క చూపు బాగా తగ్గింది, ఎండలోంచి లోపలికి వస్తే కాసేపు ఏమీ కనపడదంటారు. పాత ఇల్లు బాగు చేయిస్తున్నాం, ఆయన సాయం లేకుండా తిరిగేలా ఉండాలి. ఎక్కువ లైట్లు పెట్టించడం తప్ప ఇంకేం చేయొచ్చు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఇలాంటి ప్రశ్న ఇంకా ఎక్కువమంది అడగాలండీ. ఎక్కువ లైట్లు కాదు, హెచ్చుతగ్గులు లేని వెలుతురు కావాలి ఆయనకి. వీధి ఎండలోంచి నేరుగా చీకటి నడవలోకి అడుగుపెట్టకూడదు. మీకు ముందు పంచ ఉందన్నారు, దాన్ని గ్రిల్లు వేసి గదిగా కలిపేయాలన్న ఆలోచన మానుకోండి. ఎండ, తర్వాత పంచలో నీడ, తర్వాత లోపల, ఇలా మెల్లగా తగ్గితే కళ్ళు సర్దుకుంటాయి. పంచలో ఒక అరుగో బల్లో ఉంటే కాసేపు కూర్చుని మరీ లోపలికి వస్తారు.

నడవ చివర కిటికీ, కింద నల్లటి మెరిసే గ్రానైట్, ఈ రెండూ కలిస్తే చూపు తగ్గినవాళ్ళకి అది నేలలా కనిపించదు, నీళ్ళు నిలిచినట్టు ఉంటుంది. అడుగు వేయడానికి జంకుతారు. మ్యాట్ బండ వేయండి. గోడ రంగు, నేల రంగు, తలుపు రంగు మూడూ ఒకదాన్నుంచి ఒకటి తేలేలా ఉండాలి. తెల్ల గోడలో తెల్ల తలుపు ఫోటోకి బాగుంటుంది, ఆయనకి అక్కడ తలుపు లేనట్టే.

ఇక చూపు చేయలేని పని చేతికీ కాళ్ళకీ అప్పగించాలి. నడిచే దారి అంతా ఒక రకం గరుకు, గదుల్లో ఇంకో రకం నునుపు పెట్టండి. బాత్‌రూమ్ గుమ్మం ముందు అడుగు వెడల్పున ఫ్లేమ్డ్ (మంటతో కాల్చి గరుకు చేసిన) గ్రానైట్ పట్టీ వేస్తే వట్టికాలికి వెంటనే తెలుస్తుంది, చేతికర్రకీ శబ్దం మారుతుంది. లోపలి గడపలు తీసేయించి నేలకి సమంగా చేయండి. వీధి గడప తీయడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే ఉంచండి, దానికి ముందూ వెనకా ఆ గరుకు పట్టీ వేయండి, పసుపు రాసి ఉంటుంది కాబట్టి ఆ రంగూ సాయం చేస్తుంది. మెట్ల అంచులకి నేల రంగుకి బాగా భిన్నమైన రంగులో పట్టీ ఉండాలి. మెట్ల కమ్మీ చెక్కది చేయించండి. గది ఎంత వేడి ఉందో స్టీలూ అంతే వేడి ఉంటుంది, చెక్కా అంతే ఉంటుంది, కానీ స్టీలు చేతిలోని వేడిని గబుక్కున లాక్కుంటుంది కాబట్టి జిల్లుమంటుంది, పొద్దున్నే పట్టుకోబుద్ధి కాదు. కమ్మీ చివరి మెట్టు దగ్గర ఆగకూడదు, అడుగు పాటు ముందుకి సాగాలి, అది అయిపోయిందంటే మెట్లు అయిపోయినట్టే అని చెయ్యే చెప్తుంది.

తలుపు పిడులు అన్నీ ఒకేలా కొనకండి. పడకగదికి ఇత్తడి రింగు, బాత్‌రూమ్‌కి నిలువు చెక్క పిడి, పూజగదికి ఏటికొప్పాక లక్క పిడి. ముట్టుకుంటే ఏ గదో తెలిసిపోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, రాళ్ళు మీరు ఎంచుకోకండి. నాలుగైదు రకాల ముక్కలు తెచ్చి పంచలో వరసగా పరిచి, ఒకసారి పొడిగా, ఒకసారి తడిగా, ఆయన చెయ్యి పట్టుకుని వట్టికాళ్ళతో నడిపించండి. ఆయనకి ఏది తెలుస్తోందో అదే వేయండి. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు తగ్గినవాళ్ళ కోసం పునరావాస విభాగం ఉంది, ఇల్లు మొదలుపెట్టే ముందు ఒకసారి తీసుకెళ్తే మంచిది.

ప్రశ్న: సిమెంటు బదులు సున్నం పూత వేయిద్దామంటే మా మేస్త్రీ నవ్వుతున్నాడు. "ఈ రోజుల్లో నిలవదండీ" అంటున్నాడు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చార్మినార్ 1591 నాటిది, సున్నంతో కట్టిందే, దాని మీది గచ్చు పని కూడా సున్నమే. నిలవదన్నది కారణం కాదు, చేయడం రాదన్నది కారణం. ఆ మాట ఒప్పుకోవడం ఆయనకి కష్టం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, సిమెంటులా మర్నాటికి తయారవదు. పలుచటి పూతలు వేస్తూ, మధ్యలో ఆరనిస్తూ, ఎండకి ఒక్కసారిగా బీటలు తీయకుండా తడుపుతూ ఉండాలి. రోజు కూలీ లెక్కలో పనిచేసే మేస్త్రీకి ఇది గిట్టదు.

ఇల్లంతా వద్దు. ఇటుక గోడ, లోపలి వైపు, వెలుతురు పక్కనుంచి పడేది ఒకటి ఎంచుకోండి. కాంక్రీటు పిల్లర్ మీద సున్నం సరిగ్గా పట్టదు, అక్కడ పెచ్చులూడితే మేస్త్రీ "చెప్పానా" అంటాడు. కాల్చిన సున్నం తెచ్చి నానబెట్టేటప్పుడు అది ఉడుకుతుంది, కళ్ళలో పడితే ప్రమాదం, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. నానిన సున్నం ఎన్ని వారాలు నీళ్ళ కింద ఉంటే అంత వెన్నగా తయారవుతుంది. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపే పాత పద్ధతి తెలిసిన పనివాళ్ళు దొరికితే వదలకండి. పూత అయ్యాక దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ మాత్రం వేయించకండి, గోడ ఊపిరి ఆగిపోతుంది. సున్నం వెల్లే వేయాలి. చేతికి అంటుతుందా అంటే మొదట్లో కొంచెం అంటుతుంది, అవును.

ప్రశ్న: స్కైలైట్‌కి పాలీకార్బొనేట్ షీట్ చాలా, అద్దమే కావాలా? కారుతుందేమోనని టెన్షన్.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అద్దమే, అదీ లామినేటెడ్, అంటే రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. మామూలు టఫెన్డ్ అద్దం పగిలితే ముక్కలై నెత్తిన పడుతుంది, లామినేటెడ్ పగిలినా పట్టుకునే ఉంటుంది. షీటు కొన్నేళ్ళకి పసుపెక్కుతుంది. కారేది అద్దం దగ్గర కాదు, శ్లాబుకీ దానికీ మధ్య అతుకు దగ్గర. చుట్టూ 9 అంగుళాల గట్టు కట్టి, అద్దం ఆ గట్టు దాటి బయటికి వచ్చేలా, కొంచెం వాలుగా పెట్టించండి.

ప్రశ్న: అద్దె ఫ్లాటు. గోడ ముట్టుకోనివ్వరు. హాలు చీకటి.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: బాల్కనీలో ఆరేసిన బట్టలూ, పాత వాషింగ్ మెషీన్ డబ్బా ముందు తీయండి, సగం వెలుతురు అక్కడే ఆగిపోతోంది. కిటికీ పక్కన ఎత్తు బీరువా ఉంటే ఎదురు గోడకి మార్చండి. మందం కర్టెన్ తీసి మంగళగిరి నేతచీర పాతది ఉంటే కుట్టించి కట్టండి, వెలుతురు వస్తుంది, ఎదుటి ఫ్లాటువాళ్ళకి మీరు కనపడరు. సోఫా కింద మెరిసే టైల్స్ నచ్చకపోతే ఒక వరంగల్ దరీ పరవండి, ఇల్లు మారినా మీతో వస్తుంది.

వచ్చే నెలకి ప్లాన్‌లు పంపేవాళ్ళు ఉత్తరం ఎటో బాణం గుర్తు పెట్టండి. పక్కింటి గోడ ఎన్ని అడుగుల దూరంలో ఉంది, ఎన్ని అంతస్తులు ఉంది అన్నదీ రాయండి. ఆ రెండూ లేకుండా వచ్చిన ప్లాన్‌లు ఇప్పటికే ఒక కట్ట ఉన్నాయి, వాళ్ళు మళ్ళీ పంపాల్సిందే.